పదిహేడో మలుపులో పట్టు

ఒకటి

ఈరోజు రింగు తిప్పాను. పదిహేడో మలుపులో పట్టు పడింది. కారణం తెలియదు.

ఇంతే రాసి ఆఫీసులో ఇచ్చాను. సుధేష్ణ మేడమ్ చదివి మళ్లీ నా చేతిలోనే పెట్టారు.

"ఇలా రాస్తే మాకేం తెలుస్తుంది పెద్దాయనా? మొదటి నుంచి రాయండి. ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు, ఏం చూశారు, అన్నీ. కారణం అందులోనే ఎక్కడో ఉంటుంది" అన్నారు.

బండి ముట్టుకున్న ప్రతి రోజూ రాయాలట. ముట్టుకోని రోజు కూడా ఏమైనా జరిగితే రాయాలట. నాకు మాట్లాడటమే కష్టం. సరే, మళ్లీ మొదలుపెడుతున్నాను.

ఇక బయట తిరగొద్దని ఎండ సైరన్ మోగేలోపు రింగు ముగించుకోవాలని పొద్దున్నే బయల్దేరాను. సంగటి తిన్నాను. ట్యాంకులో చెరకు స్పిరిట్ పోశాను. గేటు దగ్గర టూరిస్టులు బారులు తీరి ఉన్నారు. వాళ్ల దేశాల్లో హ్యాండిలు ముట్టుకోనివ్వరు. ఎక్కడికి పోవాలన్నా తీగ బండే. నేలలో పాతిన తీగ ఎటు లాగితే అటు పోవడమే. చేత్తో బండి నడపనిచ్చే రోడ్లు లోకంలో రెండు మూడు మిగిలాయట. వాటిలో పేరున్నది మా ఎర్రగుట్టల రింగు. టికెట్టు తీసుకున్న ఎవరైనా తిప్పవచ్చు. వాళ్లు ఒక్క చుట్టు తిప్పి, దిగి, కళ్లు తుడుచుకుంటారు. ఫొటోలు దిగుతారు.

నేను వచ్చేది సరదాకి కాదు. ఏడాదికి ఒకసారి రింగు మొత్తం పట్టు పడకుండా తిప్పితేనే నా చేతి లైసెన్సు నిలుస్తుంది. మూడు అవకాశాలు ఇస్తారు. ఇన్నేళ్లలో నాకు రెండోది ఎప్పుడూ అవసరం పడలేదు.

ఈ ఏడు బండికి కొత్త పెట్టె బిగించారు. పాత పెట్టె, చక్రం దారి తప్పితేనే పట్టుకునేది. ఇది చేతుల్ని కూడా చూస్తుందట. హ్యాండిలు మీద చెయ్యి లేదనుకుంటే చాలు, పట్టేస్తుంది. పట్టు పడితే ఎలా ఉంటుందో చెప్తాను. హ్యాండిలు బిగుసుకుపోతుంది. ఆక్సిలరేటరు తిప్పినా బండి వినదు. దానంతటదే బ్రేకు వేసుకుని, పక్కకు పోయి, ఎర్రలైటు పెట్టుకుని నిలబడుతుంది. వెనకవచ్చే వాళ్లంతా మనల్ని చూసుకుంటూ పోతారు. ఆ చూడటమే నాకు పడదు.

పదిహేడో మలుపు నాకు తెలియనిది కాదు. రింగు రాకముందు అది పాత ఘాట్ రోడ్డు. చిన్నప్పటి నుంచి ఆ దారిలోనే సంతకు పోయేవాళ్లం. కళ్లు మూసుకుని తిప్పుతాను. కొత్తగా అక్కడ గట్టు కట్టి జనం నిలబడి చూసే వీలు పెట్టారు. టీ కొట్టు కూడా వచ్చింది. అంతే తేడా.

నా చెయ్యి హ్యాండిలు మీదే ఉంది. పెట్టె తప్పు చెబుతోంది.

కారణం: తెలియదు.

రెండు

ఆఫీసుకు రమ్మన్నారు. వెళ్లాను.

మేడమ్ గోడ మీద గీతలు చూపించారు. పదిహేడో మలుపులో నా కుడిచెయ్యి కాసేపు హ్యాండిలు మీద లేదట.

"ఉంది మేడమ్" అన్నాను.

"లేదండీ. ఎడమ చెయ్యి ఉంది. కుడిది లేదు. చూడండి, ఇక్కడ గీత తెగిపోయింది."

"ఉంది" అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఈ వయసులో చెయ్యి పట్టు తప్పడం మామూలే. మీకు తెలియకుండానే జారుతుంది. పరీక్ష చేయించుకోండి" అని చీటీ రాశారు.

అక్కడ డాక్టరుకు బదులు ఒక పెట్టె ఉంది. దాని ముందు కూర్చోబెట్టారు. అది రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. పిసికాను. ఇంకా గట్టిగా అంది. బంతి పగిలింది. "కుడిచెయ్యి వయసుకు మించి బలంగా ఉంది" అని ఆడగొంతుతో చెప్పింది. ఆ మాట మేడమ్‌కు కూడా పంపింది.

హమ్మయ్య అనుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. అప్పుడు మేడమ్ ఏమన్నారో ఆమెకే గుర్తుండాలి, అయినా రాస్తున్నాను. "అయితే చెయ్యి కాదు, ధ్యాస. నడుపుతూ నడుపుతూ ఎటో వెళ్లిపోతున్నారేమో. ఇంట్లో వస్తువులు ఎక్కడ పెట్టారో మర్చిపోతుంటారా?"

నేను ఏదీ మర్చిపోను. నా వస్తువులే తక్కువ.

పక్కనున్న కుర్రగుమాస్తా, వినబడదనుకున్నాడేమో, "ఈ ముసలోళ్లకు ఈ బండ్లెందుకు, హాయిగా తీగ బండి ఎక్కి పోవచ్చు గదా" అన్నాడు. తీగ బండి పోని చోటు ఉంటుందని అతనికి తెలియదు. చెప్పాలనుకున్నాను. నోరు రాలేదు. ఇంటికి వచ్చాక ఏం చెప్పి ఉండాల్సిందో మొత్తం వరసగా గుర్తొచ్చింది. నాకు ఎప్పుడూ ఇంతే.

కారణం: చెయ్యి కాదు. ధ్యాస కూడా కాదు.

మూడు

రెండో అవకాశం ఈరోజు వాడాను. పోయింది.

ముందు కాశీం షెడ్డుకు వెళ్లాను. కాశీం నాకు బడి రోజుల నుంచి స్నేహితుడు. చేతి బండ్లు బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల వాడొక్కడే.

"నీ హ్యాండిలు రబ్బరు బోడి అయిపోయింది రా. పెట్టెకు నీ చెయ్యి తగల్లా. దానికేం తెలుసు పాపం" అన్నాడు.

కొత్త రబ్బర్లు తొడిగాడు. నల్లవి, మెత్తగా ఉన్నాయి. పట్టుకుంటే చేతికి మసి అంటుతోంది.

"నాలుగు రోజులు అంటుతాది. అంటనీ. చేతికి మసుంటే చెయ్యి ఆడనే ఉన్నట్టు. ఆ మేడమ్‌కు చూపీ" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. నమ్మకంగా గేటు దాటాను. కొండెక్కాను. గాలి చల్లగానే ఉంది. పదహారో మలుపు బాగా తిరిగింది. పదిహేడోది వచ్చింది. హ్యాండిలు గట్టిగా పట్టుకోవాలని అనుకుంటూనే ఉన్నాను. అనుకుంటుండగానే బిగుసుకుంది. ఎర్రలైటు.

గట్టు మీద జనం చూస్తున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎందుకో తెలియదు. తల వంచుకుని లాగుడు బండి వచ్చేదాకా నిలబడ్డాను. టూరిస్టు ఒకామె పక్క నుంచి పోతూ బొటనవేలు ఎత్తి చూపించింది. ధైర్యం చెప్పడానికే అయి ఉంటుంది. చెప్పకపోయినా బాగుండేది.

లాగుడు బండి గేటు దగ్గర వదిలాక షెడ్డుకు తోసుకెళ్లాను. కాశీం నన్ను చూసి ముందు నవ్వాడు. "మీసానికి రంగేసుకున్యావా? పెండ్లిచూపులకు పోతాండావా ఏంది?"

అద్దంలో చూసుకున్నాను. నా పాత హెల్మెట్టుకు ముందర అద్దం ఉండదు. మీసం మీద నల్లగా ఉంది. చొక్కా జేబు మీద కూడా మసి. చెమట తుడుచుకుని ఉంటాను. రబ్బరు మసి గదా.

అరచేతులు రెండూ చూపించాను. రెండూ నల్లగానే ఉన్నాయి. "మరి పెట్టెకేం రోగం రా?" అన్నాడు కాశీం. వాడికీ తోచలేదు.

ఆఫీసు వాళ్లు వచ్చి వెనక చక్రానికి తాళం వేశారు. రెండోది తప్పితే అంతేనట. మూడో అవకాశం దాకా బండి బయటికి తీయకూడదు. మూడోది కూడా తప్పితే బండిని మ్యూజియం వాళ్లు తీసుకుపోతారు. అద్దాల గదిలో పెట్టి బాగా చూసుకుంటారని మేడమ్ చెప్పారు. ఓదార్చడానికే చెప్పారు.

శనివారం మా అక్క దగ్గరికి పోవాలి. ఎలా పోను.

కారణం: తెలియదు. తెలియదు.

నాలుగు

శనివారం. బండి ముట్టుకోలేదు. అయినా రాస్తున్నాను. ఎందుకు నాకు బండి కావాలో ఆఫీసులో నోరు తెరిచి చెప్పలేదు గనక.

మా అక్క చెన్నమ్మ పాలగుట్ట మీద ఉంటుంది. అక్కడికి తీగ లేదు. మునుపు పది ఇండ్లుండేవి. తీగ రాలేదని ఒక్కొక్కరే దిగిపోయారు. ఇప్పుడు అక్కా, దాని మేకలూ. ప్రతి శనివారం మాత్రలు, ఉప్పు, బియ్యం, నీళ్ల డబ్బాలు బండికి కట్టుకుని పోతాను. నాకంటే పెద్దది. నన్ను ఎత్తుకుని తిప్పింది.

ఈరోజు తీగ బండి ఎక్కాను. కొండ కింద ఆఖరి స్తంభం దగ్గర ఆగి, "దారి ఇక్కడితో ముగిసింది. దయచేసి దిగండి" అంది. దారి ముగియలేదు. తీగ ముగిసింది. ఆ మాట దానితో చెప్పి ఏం లాభం.

నీళ్ల డబ్బాలు తేలేకపోయాను. మాత్రలు, ఉప్పు, కాసిన్ని బియ్యం సంచిలో వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాను. ఎండ సైరన్ దారిలోనే మోగింది. బండ కింద నీడలో కూర్చున్నాను. మళ్లీ లేచాను. సగం దూరం పోయేసరికి అక్క కనబడింది. ఒక రాయి మీద కూర్చుని ఉంది. పాదం వాచి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"పొద్దున్నుంచీ చెవొగ్గి ఇంటానే ఉండా. బండి సప్పుడు రాలె. యాడన్నా పడిపోయినావేమోనని దిగొస్తాంటి. కాలు మడతపడె."

"నువ్వెందుకు దిగినావు?"

"మరి నువ్వెందుకు రాలె?"

సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చాను. తాగింది. నా మొహం చూసింది. "బండేదిరా అబ్బీ?"

చెప్పాను. పట్టు సంగతి, చెయ్యి సంగతి, అంతా చెప్పాను. అక్క దగ్గర నాకు మాటలు వస్తాయి.

"ఆ ఆఫీసోళ్లకు కండ్లు లేవా? మూడేండ్లప్పుడు మేకను పట్టుకుంటే ఇడిసిపెట్టినోడివి కాదు. నీ చెయ్యి జారడమేంది" అంది.

ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని పైకి ఎక్కాం. ఎవరు ఎవరిని ఎక్కించారో చెప్పలేను. పాదానికి చింతాకు ఉడకేసి కట్టాను. కింద తీగ పక్కన ముసలివాళ్లకు గదులున్నాయని, అక్కడికి పోదామని మళ్లీ అడిగాను.

"మేకల్ని ఆ గదిలో యాడ కట్టేయాల? నీ మంచం కోడుకా?" అంది. మాట అక్కడితో సరి.

దిగేటప్పుడు వెనక నుంచి అరిచింది. "వచ్చే వారం సప్పుడు ఇనపడాల. లేకుంటే మళ్లా దిగొస్తా."

దిగి వస్తుంది. నాకు తెలుసు. ఈసారి కాలు మడతపడటంతో పోదు. అందుకు బండి కావాలి మేడమ్. అద్దాల గదిలో పెట్టడానికి కాదు.

ఐదు

మేడమ్, ఈ పేజీ మీరొక్కరే చదవండి. ఆ కుర్రాడికి చూపించవద్దు.

కాశీం షెడ్డులో ఉన్నాను. పెట్టె విప్పి చూస్తున్నాడు. అప్పుడు సాలమ్మ టీ క్యాను పట్టుకుని లోపలికి వచ్చింది. పదిహేడో మలుపు గట్టు మీద టీ కొట్టు ఆమెదే. ఈ వేసవిలోనే పెట్టింది. భర్త పోయాడు. ఆదివారం చర్చికి పోయి వచ్చి కొట్టు తీస్తుంది. అంతవరకే నాకు తెలుసు. ఆమెతో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

కాశీంకు టీ పోసింది. నాకు పోయలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని నా ముందు నిలబడింది.

"ఏం మామా, నాతో మాటుంటే కొట్టు కాడికొచ్చి మాట్లాడు. నడిరోడ్డు మీద అందరూ చూస్తాండంగ ఆ ముద్దులేంది?"

నాకు అర్థం కాలేదు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

"నిన్నే అంటాండా. ఒకసారైతే పోనీలే, పెద్దాయన, నిదానస్తుడు, ఏదో అనుకుంటి. రెండోసారి గూడా అట్లనే చేసినావే. ఇట్ల గుండె మీద చెయ్యి పెట్టుకొని, ఇట్ల మూతికానించుకొని..." చేసి చూపించింది. "ఆ ఎమ్మటే బండి ఆపుకొని, సిగ్గుపడతా తలకాయ వంచుకొని నిలబడితివి. గట్టు మీద నాకు చప్పట్లు గూడా కొట్టిరి."

కాశీం టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత టైర్ల మీద పడి నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు. నాకు అక్కడి నుంచి పారిపోదామనిపించింది. ద్వారానికి అడ్డంగా సాలమ్మే ఉంది.

"నేను పెట్టలేదు" అన్నాను.

"నేను చూసినా గదా."

"నేను పెట్టలేదమ్మా."

కాశీం నవ్వు ఆపాడు. నా మీసం వంక చూశాడు. జేబు వంక చూశాడు. "మసి" అన్నాడు. "ఒరే మద్దిలేటీ. సుంకులమ్మ రా."

అప్పుడు తెలిసింది.

రింగు వాళ్లు దానికి పదిహేడని నంబరు పెట్టారు గానీ, అది మాకు సుంకులమ్మ మలుపు. బండ సందులో అమ్మవారి రాయి ఉండేది. పసుపు, వేపాకు, ఎప్పుడూ తడిగా ఉండేది. లారీ వాళ్లు గానీ, సైకిలు వాళ్లు గానీ చెయ్యి గుండెకు, పెదవికి ఆనించుకోకుండా ఎవరూ ఆ మలుపు తిరిగేవాళ్లు కాదు. మా నాయన సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని తనే పెట్టించేవాడు. రింగు కట్టేటప్పుడు రాయిని తీసుకెళ్లి గేటు దగ్గర, చార్జింగు షెడ్డు పక్కన, పలకలు పరిచిన గదిలో పెట్టారు. డప్పులు కొట్టి, మర్యాదగానే తీసుకెళ్లారు. అదంతా నాకు తెలుసు. నా చెయ్యికి తెలియదు. ఇన్నేళ్లూ ఆ మలుపులో లేస్తూనే ఉంది. పాత పెట్టె చెయ్యిని చూసేది కాదు గనక ఎవరికీ తెలియలేదు.

సాలమ్మకు కాశీం వివరించి చెప్పాడు. నేను నేల వంక చూస్తూ నిలబడ్డాను.

"అంతేనా" అంది సాలమ్మ. "ఉత్త దండమేనా."

నాకు కూడా టీ పోసి వెళ్లిపోయింది.

కారణం: దండం.

ఆరు

కారణం తెలిస్తే పని అయిపోతుందనుకున్నాను. కాలేదు.

మేడమ్‌కు చెప్పాను. ఈసారి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. గోడ మీద గీత మళ్లీ చూసి, "అవును, సరిగ్గా అంతే సేపు" అన్నారు. పెట్టెను ఆ ఒక్క మలుపులో వదిలేయమని చెప్పడానికి వీలవుతుందా అని పైవాళ్లను అడిగారు. నా ఎదురుగానే అడిగారు. మర్యాద గల మనిషి.

పైనుంచి జవాబు వచ్చింది. చెయ్యి తీయడానికి ఒప్పుకున్న కారణాలు ఉన్నాయట. తుమ్ము ఉంది. దగ్గు ఉంది. మొహం మీద తేనెటీగ వాలడం ఉంది. దండం లేదు.

మేడమ్ గొంతు తగ్గించి, "తేనెటీగ అని రాయవచ్చు పెద్దాయనా" అన్నారు.

"రెండుసార్లూ అదే మలుపులోనా మేడమ్?"

ఆమె పెన్ను కింద పెట్టేశారు. నాకు ఇంకో సంగతి కూడా ఉంది, అప్పుడు చెప్పలేదు. అమ్మవారిని తేనెటీగ అని రాయలేను.

మలుపు దగ్గర ఆగి, దండం పెట్టుకుని పోవచ్చా అని అడిగాను. ఆగకూడదు. నిదానంగా పోకూడదు. వెనకవాళ్లు గుద్దుతారు. అదీ నిజమే. ఒంటిచేత్తో మలుపు తిరగడం తప్పే. పెట్టె చెప్పేదాంట్లో తప్పేమీ లేదు. అందుకే నాకు ఇంకా చిరాకుగా ఉంది.

అయితే చెయ్యి లేవకుండా చూసుకోవాలి. అంతే గదా. షెడ్డులో బండిని స్టాండు వేసి ఎక్కాను. కాశీం ఎదురుగా నిలబడి "పదారో మలుపు... పదిహేడో మలుపు... వచ్చె, వచ్చె" అని అరిచాడు. చెయ్యి కదల్లేదు. ఇద్దరం సంతోషపడ్డాం.

చూద్దామని గట్టు దాకా నడిచి వెళ్లాం. నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. బండ కనబడగానే చెంబుతో సహా చెయ్యి లేచింది. చొక్కా అంతా నీళ్లు. కాశీం మొహం తిప్పుకున్నాడు.

"తుండుగుడ్డతో హ్యాండిలుకు కట్టేద్దాం రా" అన్నాడు. కట్టకూడదు, రూలు ఉంది. "జిగురు పూద్దాం" అన్నాడు. వాడి సలహాలు ఇక రాయను.

గేటు దగ్గరి గదికి వెళ్లాను. రాయిని ఇక్కడ పెట్టినప్పటి నుంచి నేను లోపలికి పోలేదు. అమ్మవారు శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. పక్కన చార్జింగు మిషన్లు గుయ్యిమంటున్నాయి. కొబ్బరికాయ కొట్టాను.

"అమ్మా, నువ్వు ఇక్కడున్నావు. అక్కడ నా చెయ్యి ఎందుకు లేపుతావు? మా అక్క కొండ మీద ఉంది. ఆ ఒక్కసారికి వదిలిపెట్టు" అన్నాను. పైకే అన్నాను. లోపల ఇంకెవరూ లేరు గనక.

తిరిగి వస్తుంటే సాలమ్మ ఎదురైంది. పక్కకు తప్పుకుందామనుకున్నాను.

"రేపేనంట గదా మూడోది" అంది.

తల ఊపాను.

"నేను ముందర్నే నిలబడుకోనుంటా. అందరికీ చెప్పినా. టూరిస్టులకు గూడా చెప్పినా. రేపు గాని నువ్వు ఆ చెయ్యి మూతికి ఆనించినావంటే, సుంకులమ్మకంటే ఎవురూ నమ్మరు మామా. నాకే అనుకుంటారు."

ఇంత అన్యాయం ఎవరైనా చేస్తారా. రావద్దమ్మా అని చెప్పాలి. నోరు రాలేదు. ఇంటికి వచ్చాక వచ్చింది.

ఏడు

మూడోది.

సంగటి తినబుద్ధి కాలేదు. స్పిరిట్ పోశాను. కాశీం చక్రం తాళం తీయించి, బండి సీటు మీద రెండుసార్లు తట్టాడు. వాడు ఏమీ అనకపోతే నాకు భయం.

మొదటి మలుపుల గురించి రాయడానికి లేదు. మామూలుగా తిరిగాయి. కొండెక్కుతుంటే పాదం వాచి రాతి మీద కూర్చున్న అక్క గుర్తొచ్చింది. వేళ్లు బిగించాను. బిగించిన చెయ్యి కూడా లేస్తుందని రెండోసారి తెలిసింది గదా. ఆ రోజూ బిగించే ఉన్నాను.

పదహారు దాటాను.

గట్టు కనబడింది. ఎప్పుడూ అంత జనాన్ని చూడలేదు. ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. కాశీం కూతురు కూడా ఉంది. అందరికంటే ముందు సాలమ్మ. ఉతికిన చీర కట్టుకుంది. టీ గరిటె చేతిలోనే ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వంకే చూస్తోంది. పక్కవాళ్లు నవ్వుతున్నారు. ఆమె నవ్వడం లేదు.

నా చెవులు కాలిపోయాయి. మెడ నుంచి కింద దాకా వేడెక్కింది. బండ వచ్చింది. కుడి మోచెయ్యి కొంచెం కదిలింది. కదిలిందని స్పష్టంగా తెలిసింది. మొదటిసారి తెలిసింది. అంతమంది ఎదుట, ఆమె ఎదుట, ఆ చెయ్యి నా మూతి దాకా వస్తే ఇక ఊళ్లో తిరగలేను అనుకున్నాను. వేళ్లు రబ్బరుకు అతుక్కుపోయాయి. చెయ్యి తీద్దామన్నా వచ్చేది కాదు. చిన్నప్పుడు బడిలో పద్యం చెప్పమని నిలబెడితే బల్ల అంచు ఇలాగే పట్టుకునేవాణ్ణి.

బండ దాటింది.

వెనక నుంచి పెద్ద కేక వినబడింది. తిరిగి చూడలేదు. పద్దెనిమిది ఎప్పుడు వచ్చిందో, తర్వాతవి ఎలా తిరిగానో గుర్తులేదు. దిగువలో గేటు, దాని ముందర తెల్ల గీత కనబడ్డాయి. గీత దాటాను.

దాటి కొంచెం దూరం పోయాను. ఎడమ పక్కన చార్జింగు షెడ్డు. దాని పక్కన ఆ గది. తలుపు తీసి ఉంది.

చెయ్యి లేచింది. గుండెకు, పెదవికి.

హ్యాండిలు బిగుసుకుంది. బండి దానంతటదే పక్కకు పోయి, అమ్మవారి గుమ్మం ముందు ఎర్రలైటు పెట్టుకుని నిలబడింది.

కాశీం తల పట్టుకుని కింద కూర్చున్నాడు. మేడమ్ ఆఫీసులోంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. అంతా అయిపోయిందనుకున్నాను.

"ఎక్కడ పడింది? ఎక్కడ?" అంటూ ఆమె చేతిలోని తెర పలక చూశారు. మళ్లీ చూశారు. వెనక్కి నడిచి తెల్ల గీత దగ్గర నిలబడి నా బండి వంక చూశారు.

"గీత దాటాక పడింది" అన్నారు. "గీత దాటాక పడితే లెక్కలోకి రాదు."

కాశీం లేచాడు. "మళ్లొకసారి చెప్పు మేడమ్."

"లెక్కలోకి రాదు. లైసెన్సు ఉన్నట్టే." తర్వాత నా వైపు తిరిగారు. ఈసారి నవ్వారు. "కానీ రింగు ఆవరణలో పట్టు పడింది గనక కారణం మాత్రం రాయాలి పెద్దాయనా."

రాస్తున్నాను.

కారణం: దండం. అమ్మవారు ఉన్నచోటే పెట్టాను.

ఎనిమిది

శనివారం. బండి ముట్టుకున్నాను గనక రాస్తున్నాను.

నీళ్ల డబ్బాలు రెండువైపులా కట్టాను. మాత్రలు, ఉప్పు, బియ్యం. పాలగుట్టకు పోయే మట్టిరోడ్డు గట్టు వెనక నుంచి పోతుంది. అది రింగు కాదు. రింగు కింద ఉన్నట్టు అక్కడ తీగ లేదు. తీగ లేనిచోట పెట్టె నిద్రపోతుంది.

సాలమ్మ కొట్టు వెనక గిన్నెలు తోముతోంది. సప్పుడు విని లేచి చెయ్యి అడ్డం పెట్టింది. ఆపక తప్పలేదు. కాగితంలో చుట్టిన బన్నులు తెచ్చి సంచిలో పెట్టింది.

"మీ యక్కకియ్యి. కాలెట్లుందో అడిగినానని చెప్పు."

తల ఊపాను.

"నోరు లేదా మామా నీకు?"

"ఉంది" అన్నాను.

"ఉండాదిలే. ఆరోజు చెయ్యి ఆనించినప్పుడు చూసినా, ఉన్నచోటు" అని మళ్లీ గిన్నెల దగ్గరికి పోయింది.

అక్క రాయి దాకా దిగలేదు. ఇంటి ముందే కూర్చుని ఉంది. "ఆ చింతమాను కాడ ఉన్నప్పుడే సప్పుడు ఇనపడె" అంది. బండి దగ్గరికి వచ్చి ముక్కు మూసుకుంది. "ఎప్పుడూ ఈ సారాయి కంపేంది దీనికి." వాపు తగ్గింది. మేకలు బన్ను కాగితం నమలబోతే తోలింది. బన్ను సగం తిన్నాక అడిగింది.

"ఎవురిచ్చిరి?"

"టీ కొట్టు ఆమె."

"ఉత్తగనే ఇచ్చెనా?"

నేను నీళ్ల డబ్బాలు దించే పనిలో ఉన్నాను. అక్క కాసేపు నా వంక చూసి, మిగతా సగం తినేసింది. "మెత్తగుండాయి. వచ్చే వారం గూడా తీసకరా" అంది.

దిగి వచ్చేటప్పుడు మళ్లీ గట్టు వెనకకు వచ్చాను. కొట్టు ముందు టూరిస్టులు ఉన్నారు. సాలమ్మ ఎత్తు నుంచి గ్లాసుల్లోకి టీ పోస్తోంది. బండి సప్పుడుకు తల ఎత్తి చూసింది.

నా కుడిచెయ్యి లేచింది. లేచిందని రాస్తే తప్పవుతుంది. నేనే లేపాను, గుండెకు, పెదవికి.

హ్యాండిలు బిగుసుకోలేదు. బండి సాఫీగా పోయింది.

కారణం రాయాల్సింది రింగు మీద జరిగినవాటికే గదా మేడమ్. ఇది రింగు కాదు. రాయను.